సెలవుల్లో 30 మందికి థీమ్ పార్టీ: ఏ థీమ్ పట్టుకోవాలి, ఎంత సామాను కావాలి, ఎక్కడ బెడిసికొడుతుంది?

గన్నేరుపువ్వు అడిగారు:

అందరికీ నమస్కారం. ఈ సెలవుల్లో చుట్టాల్నీ స్నేహితుల్నీ కలిపి ఇంటికి పిలుస్తున్నాం. లెక్క 30 మంది. ఏడుగురు పిల్లలు (4 నుంచి 12 ఏళ్లవాళ్లు), ఐదుగురు 70 దాటిన పెద్దవాళ్లు, తక్కిన 18 మంది మా ఈడువాళ్లు. సగం మందికి మిగతా సగంతో ముఖపరిచయం కూడా లేదు, అదే నా అసలు బెంగ.

హాలు 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు. పక్కన ఒక చిన్న గది, బయట కొంచెం ఖాళీ జాగా. సాయంత్రం 5 నుంచి 9:30 దాకా. చేతిలో నాలుగు వారాలున్నాయి.

అనుకున్న థీమ్‌లు మూడు: నక్షత్రాల రాత్రి, 1990ల కాలం, డిటెక్టివ్ రాత్రి. ఏది తీసుకోమంటారు? డెకరేషన్ ఎంతవరకు చెయ్యాలి? ఐసు, గ్లాసులు, కుర్చీలు ఎన్ని? మామూలుగా ఎక్కడ తేడా కొడుతుందో ముందే చెబితే మేలు.

కాగితం_కత్తెర:

నక్షత్రాల రాత్రే పట్టుకోండి. థీమ్‌కి ఒకే పరీక్ష: వచ్చేవాళ్లలో అందరికన్నా చిన్నవాడూ, అందరికన్నా పెద్దావిడా ఇంట్లో ఉన్న బట్టలతోనే పది నిమిషాల్లో తయారై రాగలగాలి. 1990ల థీమ్ మీ 18 మందికి సరదాగానే ఉంటుంది గానీ, పిల్లలు అప్పటికి పుట్టలేదు, పెద్దవాళ్లకి అది ‘పాత కాలం’ కిందే లెక్క కాదు. డిటెక్టివ్ రాత్రికి అందరూ రెండు గంటలు కథలోనే ఉండాలి, నాలుగేళ్లవాడు పావుగంట ఉండడు. అంత సరదా ఉంటే దాన్ని థీమ్‌గా కాక 30 నిమిషాల ఆటగా లోపల పెట్టుకోండి.

డెకరేషన్ మాటకొస్తే, ఇల్లంతా చెయ్యకండి. వచ్చినవాళ్ల కళ్లు పడేది మూడు చోట్ల: గుమ్మం, తిండి బల్ల, ఫొటోలు దిగే గోడ. చేతిలో ఉన్న డబ్బూ ఓపికా ఈ మూడింటికే పెట్టండి. హాలు నాలుగు గోడలకీ సమానంగా తోరణాలు కడితే ఎక్కడా నిండుగా కనిపించదు, పని మాత్రం నాలుగింతలు. రంగులకి 60–30–10 లెక్క చాలు: 60 వంతులు ముదురు నీలం (బల్ల గుడ్డలు, గోడ మీద గుడ్డ), 30 వంతులు వెండి లేదా తెలుపు, 10 వంతులు పసుపు బంగారం. నాలుగో రంగు వచ్చిందంటే అది పుట్టినరోజు పార్టీలా అయిపోతుంది.

ఫొటో గోడ ఇలా చేయండి. 7 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు ముదురు నీలం గుడ్డ ఒకటి, మెరుపు లేనిది. మెరిసే సాటిన్ వేస్తే ఫ్లాష్ తిరిగి కొట్టి ఫొటో మధ్యలో తెల్ల మచ్చ పడుతుంది. దాని మీద సప్తర్షి మండలం (గరిట ఆకారంలో కనిపించే ఏడు నక్షత్రాలు, గరిట కాడే తోక) పెట్టండి, చుక్కలు ఎక్కడపడితే అక్కడ అంటించడం కన్నా వెయ్యి రెట్లు బాగుంటుంది. పులహుడికీ క్రతువుకీ మధ్య 20 సెంటీమీటర్లు తీసుకోండి. గరిట గిన్నెలో తోక లేని వైపు అంచున ఉండే రెండు చుక్కలు ఇవి, పైన ఉన్నది క్రతువు. ఈ లెక్కన గరిట మొత్తం పొడవు ఒక మీటరుకి కాస్త తక్కువ వస్తుంది. పులహుడి నుంచి క్రతువు మీదుగా అదే గీతని పొడిగిస్తూ పోతే, ఆ 20 సెంటీమీటర్లకి సుమారు ఐదు రెట్ల దూరంలో ధ్రువతార. అంటే క్రతువు నుంచి మీటరు. గుడ్డ ఏడడుగులు కాబట్టి అన్నీ పడతాయి. తోక చివరి నుంచి రెండోది వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని ఒక చిన్న చుక్క అరుంధతి. అది పెట్టడం మరచిపోతే ఎవరో ఒక తాతగారు తప్పకుండా అడుగుతారు.

మనుషుల్ని ఆ గుడ్డకి ఆనించి నిలబెట్టొద్దు. మూడడుగులు ముందుకి నిలబడితే నీడ గుడ్డ మీద పడదు. దీపం ఎదురుగా కాకుండా ఒక పక్క నుంచి, 45 డిగ్రీల్లో.

గోడకి అంటించేటప్పుడు డబుల్ టేపు నేరుగా వద్దు, పీకితే పెయింటు పొరతో సహా వస్తుంది. ముందు పెయింటర్లు వాడే కాగితం టేపు వేసి, దాని మీద డబుల్ టేపు వేయండి. జిగురు హుక్కులైతే గోడని ఆల్కహాల్‌తో తుడిచి, అంటించి, గంట ఆగి బరువు తగిలించాలి. అంటించగానే తగిలిస్తే రాత్రి ఎనిమిదింటికల్లా ఊడి కింద పడతాయి. తీసేటప్పుడు పట్టీని గోడ వెంట కిందికి లాగాలి, మీదకి కాదు.

పిలుపుచీటీ:

కత్తెర గారి మాటకి ఒక సవరణ. డ్రెస్ కోడ్ అనే మాటే వాడకండి. ఆ మాట చూడగానే ‘నా దగ్గర లేవు’ అని కొందరు రావడమే మానుకుంటారు. ‘ముదురు నీలం, నలుపు, తెలుపు, ఏదైనా సరే, ఒంటి మీద మెరిసేది ఒకటి ఉంటే చాలు’ అని రాయండి. అదీ లేకుండా వచ్చేవాళ్ల కోసం గుమ్మం దగ్గర ఒక బుట్టలో వెండి రంగు రిబ్బను పట్టీలు పెట్టండి. ముప్పైమందిలో పది పన్నెండు మందికి అవి పనికొస్తాయి. చేతికి కట్టుకోగానే వాళ్లూ థీమ్‌లో కలిసిపోతారు.

పిలుపు మూడు వారాల ముందు వెళ్లాలి. అందులో తప్పనిసరిగా ఉండాల్సినవి: మొదలయ్యే వేళ, ముగిసే వేళ, తిండి ఎన్నింటికి, పిల్లల్ని తీసుకురావచ్చా, ఎవరికైనా పడని పదార్థాలు ఉన్నాయా, జవాబు ఏ తేదీలోపు చెప్పాలి. ముగిసే వేళ రాయకపోతే పెద్దవాళ్లని దింపాల్సినవాళ్లు ఎనిమిదింటికే లేచిపోతారు, వాళ్ల వెనకే మరి నలుగురు.

జవాబు గడువు పార్టీకి 10 రోజుల ముందు పెట్టుకోండి. గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లు వస్తున్నట్టు కాదు, చదివినట్టు. గడువు మర్నాడు చెప్పనివాళ్లకి విడిగా ఫోను చెయ్యడం ఒక్కటే దారి. ‘ఎంతమంది వస్తున్నారు’ అని అడగాలి, ‘వస్తున్నారా’ అని కాదు. రెండో ప్రశ్నకి ‘ఆ, వస్తున్నాం’ అంటారు, ఆ వచ్చేది ఇద్దరో ఐదుగురో మీకు తెలియదు.

ప్లగ్గు_పాయింటు:

లైట్ల గురించి. నక్షత్రాల థీమ్ అనగానే అందరూ చేసే తప్పు, హాలు చీకటి చేసేయడం. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది, అందుకే మీ ఈడువాళ్లకి హాయిగా ఉన్న వెలుతురులో పెద్దవాళ్లకి గడప కనిపించదు. గోడలు మసకగా ఉంచండి గానీ నడిచే దారి, మెట్లు, బాత్‌రూమ్ వైపు, పెద్దవాళ్లు కూర్చునే మూల బాగా వెలగాలి. తీగలైట్లు ‘వార్మ్ వైట్’ 2700 కెల్విన్‌వి తీసుకోండి. ఆరు వేల పైన ఉన్నవి కలిపితే ముఖాలు పాలిపోయినట్టుంటాయి. రెండు రకాలూ పక్కపక్కన వేస్తే మరీ అన్యాయం, ఒక పెట్టెలోవే అన్నీ కొనండి.

తిండి బల్ల మీద రంగు బల్బు వద్దే వద్దు. నీలం బల్బు కింద పచ్చి కూరగాయ ముక్కలు నల్లబడతాయి, ఎర్రటివి మట్టి రంగులోకి పోతాయి. వంట ఎంత బాగున్నా చెయ్యి ముందుకి రాదు. ఆ ఒక్క చోట మామూలు తెల్ల లైటు, పెట్టె మీద సీఆర్ఐ (రంగుల్ని ఉన్నదున్నట్టు చూపించే కొలత) 90 అని రాసి ఉన్నది.

కరెంటు లోడు: పది మీటర్ల ఎల్ఈడీ తీగ అయిదారు వాట్లు, పది తీగలు వేసినా ఒక పాత బల్బు లెక్కే. ఫ్యూజు కొట్టించేవి వేడిచేసే సామాన్లు. 230 వోల్టుల చోట 10 ఆంపియర్ల బోర్డు మొత్తం మొయ్యగలిగేది 2,300 వాట్లు. కెటిల్ ఒక్కటే 1,500 నుంచి 2,000 తీసుకుంటుంది. దాన్నీ, తిండి వేడిగా ఉంచే ట్రేనీ ఒకే ఎక్స్‌టెన్షన్‌కి పెట్టారంటే పార్టీ మధ్యలో చీకటి. ఆ రెంటికీ వేరువేరు గోడ ప్లగ్గులు ముందే కేటాయించుకోండి. చుట్టగా ఉన్న ఎక్స్‌టెన్షన్ తీగ వాడేటప్పుడు పూర్తిగా విప్పేయాలి. చుట్ట మీదే లోడు పెడితే వేడి బయటికి పోక లోపలి పొర కరుగుతుంది. ఒక బోర్డుకి ఇంకో బోర్డు తగిలించకండి.

కొవ్వొత్తులు పెట్టాలనుకుంటే చుట్టూ 30 సెంటీమీటర్లలోపు కాగితం, గుడ్డ, ఎండిన పూలు ఏవీ ఉండకూడదు. ఏడుగురు పిల్లలున్న ఇంట్లో నేనైతే బ్యాటరీవే పెట్టమంటాను. సువాసన కొవ్వొత్తులు తిండి బల్ల దగ్గర ఎలాగూ వద్దు, వాసనలు కొట్టుకుంటాయి.

పాటల సంగతి కూడా చెప్పేస్తా. ఒక మూల పెద్ద స్పీకరు కన్నా రెండు మూలల్లో రెండు చిన్నవి, తక్కువ శబ్దంతో. చుట్టూ రొద పెరిగితే మనకి తెలియకుండానే గొంతు పెంచుతాం. లాంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లో చెప్పిన సంగతి ఇది, ఆయన పేరే పెట్టారు. స్పీకరు పెంచితే జనం అరుస్తారు, జనం అరిస్తే ఎవరో వచ్చి స్పీకరు ఇంకా పెంచుతారు. వినికిడి తగ్గిన పెద్దవాళ్లు అక్కడితో మాట్లాడ్డం మానేస్తారు. చేతి పొడవు దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే శబ్దం సరిపోయినట్టు. నేల మీద చాపలో తివాచీలో ఏదో ఒకటి పరిచినా చాలా తగ్గుతుంది.

గన్నేరుపువ్వు:

అందరికీ ధన్యవాదాలు. నక్షత్రాల రాత్రి ఖాయం. సప్తర్షి మండలం ఐడియా పిల్లలకి చెప్పా, ఇప్పటికే కొలతలు వేస్తున్నారు.

ఇంకో మూడు అడుగుతాను. మబ్బులు కమ్మినట్టు ఉండడానికి డ్రై ఐసు రెండు కిలోలు తెప్పిద్దామా? హీలియం బెలూన్లు ముందు రోజే నింపించి పెట్టుకోవచ్చా? పిల్లల ముఖాలకి వెండి రంగు వేస్తానని మా ఆడపడుచు అంటోంది, క్రాఫ్టుకి వాడే రంగులు ఇంట్లోనే ఉన్నాయి, వాటి మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉంది, ఫర్వాలేదా?

జాగ్రత్త_జానకి:

మూడింటికీ ఆగండి.

డ్రై ఐసు అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, సున్నాకి 78.5 డిగ్రీలు కింద. కరగదు, నేరుగా వాయువైపోతుంది. కిలోకి 540 లీటర్ల దాకా వాయువు వస్తుంది. మీ హాలు 20 × 15, పైకప్పు పది అడుగులనుకుంటే 3,000 ఘనపుటడుగులు, అంటే 85,000 లీటర్ల గాలి. రెండు కిలోలు తలుపులు మూసిన హాల్లో వదిలితే 1,080 లీటర్లు, గాలిలో సుమారు 1.3 శాతం. ఎనిమిది గంటలు పనిచేసే చోట పెట్టిన హద్దు 0.5 శాతం. పైగా అది గాలికన్నా బరువు, నేల మట్టానికి దిగి ఉంటుంది, నాలుగేళ్లవాడి ముక్కు ఉండేదీ అక్కడే. కాబట్టి బయటి ఖాళీ జాగాలో, అర కిలో ముక్కలు, నాలుగు లీటర్ల వేడి నీళ్లలో. ఐదు నుంచి పది నిమిషాలు మబ్బు ఆడుతుంది, ఫొటోలకి అంతే చాలు. నీళ్లు చల్లబడగానే పొగ ఆగిపోతుంది, ఐసు అయిపోయిందని ఇంకా వేసేవాళ్లు చాలామంది. నీళ్లు మార్చాలి, ఐసు కాదు. మందపాటి చేతి తొడుగులు, పటకారు ఉండాలి. మూత బిగించిన డబ్బాలోనో ఫ్లాస్కులోనో పెట్టారంటే పేలుతుంది. తాగే గ్లాసుల్లో ముక్క వెయ్యకూడదు. కారులో తెచ్చేటప్పుడు అద్దాలు దించి ఉంచండి.

బెలూన్లు: 11 అంగుళాల రబ్బరు బెలూన్ హీలియంతో 12 నుంచి 24 గంటలు తేలుతుంది. ముందు రోజు సాయంత్రం నింపితే పార్టీ వేళకి నడుము ఎత్తులో వేలాడుతుంటాయి. అదే రోజు మధ్యాహ్నం నింపించండి. నక్షత్రం ఆకారంలో దొరికే ఫాయిల్‌వి రోజుల తరబడి ఉంటాయి, అవి ముందే నింపుకోవచ్చు. ఏసీ గదిలో నిండుగా నింపి ఎండలోకి తెస్తే లోపలి వాయువు వ్యాకోచించి పటపటా పగులుతాయి. బయట కట్టాల్సినవి కొంచెం మెత్తగా నింపించండి. ఫాయిల్‌వి బయట వదలకండి, కరెంటు తీగలకి తగిలితే షార్టవుతుంది. రబ్బరు బెలూన్ ముక్కలు చిన్నపిల్లల గొంతుకి అడ్డం పడతాయి, ఎనిమిదేళ్ల లోపువాళ్లు ఉన్నచోట పగిలింది పగిలినట్టు ఏరేసే మనిషి ఒకరుండాలి. వచ్చేవాళ్లలో ఎవరికైనా రబ్బరు పడదేమో పిలుపులోనే అడగండి.

రంగులు: ‘నాన్ టాక్సిక్’ అంటే చర్మానికి వాడొచ్చని కాదండి. క్రాఫ్టు రంగు ఎండి పొలుసుగా పట్టేస్తుంది, రుద్ది తీస్తే చర్మం కందిపోతుంది. ముఖానికని అమ్మే నీటి రంగులే తీసుకోమని మీ ఆడపడుచుకి చెప్పండి. ముందు రోజు మోచేతి లోపల చిన్న చుక్క పెట్టి 24 గంటలు చూడాలి. క్రాఫ్టు గ్లిటర్ అస్సలు వద్దు, ఆ ముక్కల అంచులు కంటిని గీస్తాయి. ముఖానికి తయారుచేసిన సన్నటి గ్లిటరే, అదీ కళ్లకి దూరంగా, చెంప మీద. ఒక స్పాంజి ఇద్దరు పిల్లలకి వాడకూడదు, ఏడుగురికి ఏడు స్పాంజి ముక్కలు కోసి పెట్టుకోండి.

ఎవరైనా నురగ మంచు స్ప్రే డబ్బాలు తెస్తే గుమ్మం బయటే ఆపేయండి. ఆ డబ్బాల్లో తోసే వాయువు చాలావాటిలో మండేదే.

చీకట్లో వెలిగే కడ్డీలు కొంటే ముందే వంచేయకండి. లోపల సన్నటి గాజు గొట్టం పగిలి రెండు ద్రవాలు కలిస్తేనే వెలుగు. వెచ్చగా ఉంటే బాగా వెలిగి తొందరగా ఆరిపోతుంది, చల్లగా ఉంటే మందంగా ఎక్కువసేపు. ఆట మొదలవడానికి ఐదు నిమిషాల ముందు వంచితే చాలు. కొరకనివ్వకండి.

చీటీల_చిట్టి:

ముఖపరిచయం లేదన్నారు కదా, దానికి ఆటలే మందు. అయితే మొదటి 40 నిమిషాలు ఏ ఆటా పెట్టకండి, జనం విడతలుగా వస్తారు. ఆ తర్వాత మొదటి ఆటగా, ఆలస్యంగా వచ్చినవాళ్లు మధ్యలో దూరగలిగేది ఒక్కటే పనికొస్తుంది: పేర్ల బింగో.

నాలుగు అడ్డం, నాలుగు నిలువు, 16 గళ్ల కార్డు. ప్రతి గడిలో ఒక లక్షణం: ‘ఎడమచేతి వాటం’, ‘ఇల్లు ఐదుసార్లకన్నా ఎక్కువ మారినవారు’, ‘ధ్రువతారని ఆకాశంలో చూపించగలవారు’. ఆ లక్షణం ఉన్న మనిషిని వెతికి పేరు రాయించుకోవాలి. ఒక మనిషి పేరు ఒక కార్డులో ఒక్కసారే. గుట్టంతా గళ్లు రాయడంలో ఉంది. నాలుగు గళ్లు పిల్లలకి మాత్రమే సరిపోయేవి రాయండి (‘ఈ ఏడాది పన్ను ఊడినవారు’), నాలుగు పెద్దవాళ్లకి మాత్రమే (‘చేత్తో రాసిన ఉత్తరం ఇంకా దాచుకున్నవారు’). అప్పుడు మీ ఈడువాళ్లు మూలన కూర్చున్న అమ్మమ్మ దగ్గరికి వెళ్లక తప్పదు, ఆవిడ కుర్చీ కదలక్కర్లేదు. 25 గళ్లు పెడితే మాత్రం సాగుతుంది, సగం మంది వదిలేస్తారు.

తర్వాత జాడల వేట. నాలుగు జట్లు, జట్టుకి ఏడెనిమిది మంది, ప్రతి జట్టులో ఒకరిద్దరు పిల్లలు, ఒక పెద్దాయనో పెద్దావిడో. ఇంట్లో నాలుగు చోట్ల నాలుగు చీటీలు. అందరినీ మొదటి చోటు నుంచే పంపితే ముప్పైమంది ఒకే తలుపులో ఇరుక్కుంటారు, వెనకవాళ్లు ముందువాళ్లని చూసి జవాబు పట్టేస్తారు. కాబట్టి మొదటి జట్టు 1–2–3–4, రెండోది 2–3–4–1, మూడోది 3–4–1–2, నాలుగోది 4–1–2–3. ఒక్కో చోట ఒక్కో అక్షరం దొరుకుతుంది, నాలుగూ కలిపి పదం చెప్పిన జట్టు గెలిచినట్టు. పదం ఎంచుకునేటప్పుడు అచ్చుతో మొదలయ్యేది వద్దు. ‘ఆకాశము’ పెట్టారనుకోండి, ‘ఆ’ మొదట్లోనే ఉండాలని, ‘ము’ చివర్లోనే ఉంటుందని పిల్లలే చెప్పేస్తారు, ఇక మిగిలేవి రెండు అక్షరాలు. ‘పాలపుంత’ పెట్టండి: పా, ల, పుం, త. 24 రకాలుగా పేర్చొచ్చు, కాసేపు తల గోక్కుంటారు. థీమ్‌కీ అతుకుతుంది. పెద్దవాళ్లు తిరగక్కర్లేదు, అక్షరాలు వాళ్ల ఒడిలో చేరతాయి, పేర్చేది వాళ్లే.

బహుమతులు మార్చుకునే ఆలోచన ఉంటే ఒక హెచ్చరిక. ముప్పై పేర్లు గిన్నెలో వేసి తలా ఒకటి తీసుకోమంటే, కనీసం ఒక్కరికైనా తన పేరే తనకొచ్చే అవకాశం 63 శాతం. పదిసార్లు తీయిస్తే ఆరుసార్లు మళ్లీ మొదటికి రావాల్సిందే. పదిమందైనా వందమందైనా దాదాపు ఇంతే ఉంటుంది, జనం ఎక్కువైతే తగ్గుతుందనుకోవడం పొరపాటు. దీనికి సులువు: చీటీలు బాగా కలిపి నేల మీద గుండ్రంగా పేర్చండి. ప్రతివాళ్లూ తమ కుడి పక్క చీటీలో ఉన్నవాళ్లకి ఇవ్వాలి. తన పేరు తనకి రానే రాదు. భార్యాభర్తలో, ఒకే ఇంటివాళ్లో పక్కపక్కన పడితే ఆ చీటీని వేరే చోటికి జరపండి. ఇది ఆటలో లేని మనిషి చెయ్యాలి, లేకపోతే గుట్టు ఒకరికి తెలిసిపోతుంది. ఆఖరి నిమిషంలో ఎవరైనా రాకపోతే గొలుసు ఒక చోట తెగి, ఒకరి చేయి ఖాళీగా మిగులుతుంది. రెండు బహుమతులు అదనంగా మూటగట్టి ఉంచుకోండి, ఎవరికైనా పనికొచ్చేవి.

ముప్పై మూటలూ ఒక్కొక్కటిగా విప్పించారో, అరగంట పైన పడుతుంది, పిల్లలు పరదాలెక్కుతారు. పిల్లలవి విడిగా ముందు, తర్వాత అందరివీ ఒకేసారి.

వడ్డన_బల్ల:

లెక్కలు నావి. 300 చదరపు అడుగులకి 30 మంది, తలకి పది. నిలబడి తిరిగే పార్టీకి అంచుకి అంచు సరిపోతుంది, బల్లలు వేసి అందరినీ కూర్చోబెట్టడానికి చాలదు (దానికి తలకి 12 నుంచి 15 కావాలి). సోఫాలో సగం చిన్న గదిలోకి తోసేయండి. కుర్చీలు 18: ఐదు పెద్దవాళ్లకి, చేతులున్నవి, గోడ వారగా. ఆ ఐదింటినీ ఒకే వరసలో పెట్టకండి, రెండూ మూడుగా విడదీయండి, లేకపోతే ఆ వరస ఆసుపత్రి బెంచీలా తయారై ఎవరూ దగ్గరికి పోరు.

తిండి బల్లని గోడకి ఆనించకుండా మూడడుగులు ఇవతలికి లాగండి, రెండు వైపులా రెండు వరసలు నడుస్తాయి, వేళ సగానికి తగ్గుతుంది. ప్లేట్లు మొదట్లో, చెంచాలు, కాగితపు రుమాళ్లు చివర్లో. చెంచా మొదటే ఇస్తే వడ్డించుకోవడానికి చెయ్యి చాలదు. తాగేవి ఇంకో మూల పెట్టండి, అన్నీ ఒకే చోట పెడితే అదే చోట గుంపు కడతారు.

మొదటి గంటకి తలకి రెండు గ్లాసులు, తర్వాత గంటకొకటి. నాలుగున్నర గంటలకి ఐదున్నర, 30 మందికి 165 గ్లాసులు, 200 మిల్లీలీటర్ల చొప్పున 33 లీటర్లు. సగం మంచినీళ్లే పెట్టండి. గ్లాసులు 90 కావాలి, ఎందుకంటే జనం గ్లాసు ఎక్కడో పెట్టి మరచిపోయి కొత్తది తీస్తారు. పక్కన ఒక మార్కరు పెట్టి పేరు రాసుకోమంటే 50తో గట్టెక్కొచ్చు.

ఐసు తలకి అరకిలో, 15 కిలోలు. సీసాలు చల్లబరచడానికి ఇంకో 10. ఈ పదీ ఉత్త ఐసుగా వెయ్యకండి, టబ్బులో సగం నీళ్లు కలపండి. ఐసు ముక్కలు సీసాకి అక్కడక్కడా తగులుతాయి, చల్లటి నీళ్లు చుట్టూ తగులుతాయి, అరగంటలో చల్లబడుతుంది. తొందరైతే రెండు గుప్పెళ్ల ఉప్పు వేస్తే నీళ్లు సున్నా కిందికి దిగుతాయి. అయితే సోడా సీసాలు అందులో వదిలేసి మరచిపోవద్దు, గడ్డకట్టి పగులుతాయి. గ్లాసుల్లో వేసే ఐసు వేరే పాత్రలో, గరిటెతో.

తిండి బయట పెట్టి రెండు గంటలు దాటితే తీసేయాలి. ఉక్కగా ఉండి 32 డిగ్రీలు మించితే గంటే. వేడిగా ఉండాల్సినవి 60 డిగ్రీల పైన, చల్లగా ఉండాల్సినవి 5 లోపు. అందుకే మొత్తం ఒకేసారి పెట్టకండి, చిన్న పాత్రల్లో రెండు విడతలు. మిగిలిన దాని మీద కొత్తది పోయొద్దు, పాత్ర మార్చండి. పాతదాని వయసే కొత్తదానికీ వస్తుంది.

కాగితం_కత్తెర:

చిట్టి గారి పాలపుంతకి జోహార్లు. రోజువారీ లెక్క ఒకటి వేసి పెడుతున్నా, గన్నేరుపువ్వు గారూ, మీ వీలునిబట్టి మార్చుకోండి.

ముందు రోజు: ఫొటో గోడ, తీగలైట్లు, కుర్చీలు. లైట్లన్నీ వేసి, కెటిల్ కూడా పెట్టి ఒక అరగంట వదిలేయండి, కొట్టేసేదేదో ఆ రోజే కొట్టేస్తుంది.

ఆ రోజు 2 గంటలకి బెలూన్లు, 3:30కి టబ్బులో ఐసు, 4:30కి మీరు తయారై ఉండాలి. 5:00 రిబ్బన్లు, బింగో కార్డులు గుమ్మంలో. 5:45 బింగో. 6:15 బయట మబ్బు, ఫొటోలు. పిల్లలు అలిసిపోకముందే అవ్వాలి. 6:45 తిండి. 7:45 జాడల వేట, 8:20 బహుమతులు. తర్వాత ఏమీ పెట్టకండి. ఆ గంటలోనే అసలు కబుర్లు మొదలవుతాయి.

ఒక్క మాట, మీరు వంటా, ఆటలూ, గుమ్మమూ మూడూ చూసుకోలేరు. గుమ్మం ఆడపడుచుకి, ఆటలు ఒక స్నేహితుడికి, పగిలిన బెలూన్లు పన్నెండేళ్ల పిల్లకి అప్పజెప్పండి. పనుల పేర్లు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. నోటిమాటగా చెప్పినవి ఆరు దాటాక ఎవరికీ గుర్తుండవు.

గన్నేరుపువ్వు:

కాగితం అంటించేశా. డ్రై ఐసు అరకిలోకి దింపాం, స్పాంజి ఏడు ముక్కలు కోసేశాం. ఒకటే అనుమానం: ఆ సాయంత్రం వాన పడితే మబ్బు సంగతి?

జాగ్రత్త_జానకి:

వాన పడితే మానేయండి. తలుపు తెరిచి గడపలో పెడదామన్న ఆలోచన కూడా వద్దు, గాలి లోపలికే తోస్తుంది. అప్పుడు హాల్లో లైట్లు రెండు నిమిషాలు తీసేసి, నడిచే దారిలోవి మాత్రం ఉంచి, కడ్డీలు వంచి పిల్లల చేతికివ్వండి. 6:15 ఖాళీ అక్కడ పూడుతుంది.